తేదీ రాయని స్టిక్కర్: 7,400 కిలోమీటర్లకే ఆయిల్ బురదై పూడుకుపోయిన ఒక ఇంజన్ కేసు

రథసప్తమి ఇంకా వారం ఉందనగా ఒక సాయంత్రం మా మాస్టారు కారుని నడిపించుకొస్తున్నంత నెమ్మదిగా తెచ్చి షాపు ముందు ఆపారు. మా షాపు శ్రీకాకుళంలో పాలకొండ రోడ్డు వైపు. మాస్టారంటే నాకు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పినాయన. హెడ్మాస్టరుగా రిటైరై చాలా ఏళ్లయింది. తాళం నా చేతిలో పెట్టి, "ఒరే, ఎర్ర దీపం వెలుగుతోందిరా. ఆగితే వెలుగుతుంది, కదిలితే ఆరుతుంది. ఏటి దీని సంగతి?" అన్నారు.

బండి 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. కంపెనీ పేరు రాయను, ఈ గొడవలో బండి తప్పేమీ లేదు. మీటర్ మీద 31,000 కిలోమీటర్లు. ఒక్క చేతి మీద నడిచిన బండి, రాత్రిళ్లు షెడ్డు కింద ఉంటుంది, ఒంటి మీద గీత లేదు. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు చూస్తే కళ్లకద్దుకుని తీసుకుపోయే రకం.

మాస్టారు చెప్పిన లక్షణాలు ఇవి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే అర నిమిషం పాటు టక టక టక అని ట్యాపెట్ సౌండ్. ఏడు రోడ్ల జంక్షన్‌లో ట్రాఫిక్‌కి ఆగినప్పుడు అల్లావుద్దీన్ దీపంలా ఉండే ఆ ఎర్ర గుర్తు మిణుకు మిణుకుమంటుంది. యాక్సిలరేటర్ మీద కాలు పెడితే పోతుంది. నా దగ్గరకు రాకముందే వేరేచోట చూపించారు. అక్కడ ఆయిల్ ప్రెజర్ స్విచ్ పోయిందని కొత్తది వేశారు. రెండు రోజులు ఊరుకుని మళ్లీ మొదలైంది. రెండోసారి వెళ్తే, "20డబ్ల్యూ-50 ఆయిల్ పోసేద్దాం మాస్టారూ, చిక్కగా ఉంటుంది, లైటూ రాదు, సౌండూ రాదు" అన్నారట. ఆ మాటకి మాస్టారికి అనుమానమొచ్చి ఇటు వచ్చారు. జ్వరం ఎక్కువ చూపిస్తోందని థర్మామీటర్ మార్చి, అది కూడా చూపిస్తే దుప్పటి కప్పడం లాంటి వైద్యం అది.

ఈ దీపం గురించి ఒక్క మాట. చాలామంది అది ఆయిల్ తగ్గిందని చెప్పే దీపం అనుకుంటారు. అది ఆయిల్ ఎంతుందో చెప్పదు, ఆయిల్ ప్రెజర్ పడిపోయిందని చెబుతుంది. అదీ ప్రెజర్ దాదాపు అర బార్ కంటే కిందికి జారాకే. అంటే అది వెలిగే వేళకి ఇంజన్ లోపల బేరింగులు నూనె కోసం నోరు తెరుచుకుని ఉన్నట్టే. ఆ దీపంతో రోజూ అరసవల్లి వెళ్లొచ్చారాయన. సూర్యనారాయణ స్వామే చూసుకున్నాడనుకోవాలి.

బోనెట్ ఎత్తి ముందు డిప్‌స్టిక్ లాగాను. మినిమమ్ గీతకి కింద, పుల్ల చివర తడి మాత్రమే అంటుకుంది. వేళ్ల మధ్య రాస్తే జారలేదు, పాత బెల్లం పాకంలా తీగ సాగింది. ఆయిల్ పోసే మూత విప్పి తిరగేశాను. అడుగున కాఫీ రంగు మీగడ, దాని కింద తారు లాంటి పొర. కాఫీ రంగు మీగడంటే ఆయిల్‌లో నీళ్లు కలిసి చిలికినట్టయిందని అర్థం. హెడ్ గాస్కెట్ పోయి, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ కలిసిందేమోనని రేడియేటర్ ట్యాంకు చూశాను. కూలెంట్ శుభ్రంగా, నిండుగా ఉంది. కాబట్టి నీళ్లు బయటినుంచి రాలేదు.

అప్పుడు డ్రైవర్ డోర్ తెరిచాను, ఆయిల్ మార్చినప్పుడు అంటించే పాత స్టిక్కర్ ఎక్కడైనా ఉంటుందని. ఉంది. "మార్చినది: 23,600. తర్వాత మార్చవలసినది: 33,600." పక్కన తేదీ అని గడి ఉంది, అందులో ఏమీ రాయలేదు.

ఆ స్టిక్కర్ మీద పేరు మా షాపుదే.

మా కుర్రాడి చేతిరాత. వాడికి కిలోమీటర్లు రాస్తే చాలని నేర్పింది నేనే. మా పాత బిల్లు పుస్తకం తిరగేస్తే ఆ ఆయిల్ పోసి 31 నెలలైంది. మాస్టారు చెప్పినమాట తు.చ. తప్పకుండా వినే మనిషి. 33,600 అని రాస్తే 33,600 దాకా ఆగుతారు. ఇంకా 2,600 కిలోమీటర్లు ఉన్నాయి కదా అని ఆయన లెక్క. కంపెనీ పుస్తకంలో 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది అని ఉంటుంది. ఆ రెండో సగాన్ని మా షాపే మింగేసింది.

"తప్పు మాదే మాస్టారూ" అన్నాను. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని ఆ ఖాళీ గడి చూసి, "సరే, ముందు రోగం ఏటో తేల్చు. మార్కులు తర్వాత వేద్దాం" అన్నారు.

ప్రెజర్ స్విచ్ విప్పి ఆ రంధ్రంలో చేతి గేజ్ బిగించాను. ఆయిల్ లెవల్ తక్కువ ఉందని ముందు మినిమమ్ గీత దాటేదాకా అదే గ్రేడ్ ఆయిల్ పోశాను, లేకపోతే కొలత తప్పుతుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే 3 బార్ దగ్గరకు లేచింది. ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా వేడెక్కించాక ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, 0.4. వేడి ఇంజన్‌కి ఐడిల్‌లో సుమారు 1 బార్ ఉంటే నాకు నిద్ర పడుతుంది. అసలు సంగతి ఆ తర్వాత తెలిసింది. మెల్లగా రేజ్ చేయించాను. 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర 1.5. అక్కడినుంచి 3,000 దాకా వెళ్తే ముల్లు పైకి పోవాలి కదా, పోలేదు. 1.6 దగ్గర ఆగి గజగజ వణికింది.

మెకానిక్ అన్నవాడికి ఆ వణుకు ముఖ్యం. బేరింగులు అరిగిన ఇంజన్‌లో ఐడిల్ ప్రెజర్ తక్కువున్నా రేజ్ చేస్తే ముల్లు నిదానంగా పైకే వెళ్తుంది. పంపు తిరుగుతోంది కానీ దానికి లాక్కోవడానికి ఆయిల్ అందడం లేదంటేనే ఇలా మధ్యలో ఆగి ఊగుతుంది. గ్లాసు అడుగున గుజ్జు పేరుకున్న జ్యూస్‌ని స్ట్రాతో గట్టిగా పీల్చినట్టు. అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ లోపల, పంపు ఆయిల్ పీల్చుకునే జాలీ, అదే స్ట్రైనర్, మూసుకుపోయింది. ఇలాంటి బండిలో 20డబ్ల్యూ-50 పోస్తే ఐడిల్ దీపం ఆరిపోయేది నిజమే. కానీ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఆ చిక్కటి ఆయిల్ ఆ మూసుకుపోయిన జాలీలోంచి ఇంకా ఆలస్యంగా పైకి ఎక్కేది. దీపం ఆరిపోయి, ఒకరోజు ఇంజన్ కూడా ఆరిపోయేది.

మర్నాడు ఆయిల్ దించాం. ఫిల్టర్‌తో కలిపి 3.1 లీటర్లు పట్టే ఇంజన్. ముందురోజు నేను పోసింది తీసేస్తే వచ్చింది 1.9 లీటర్లు. మిగతా 1.2 లీటర్లు 7,400 కిలోమీటర్లలో కాలిపోయింది. పిస్టన్ చుట్టూ ఉండే ఆయిల్ రింగుల సందులు జిగురుతో పూడుకుపోతే, సిలిండర్ గోడ మీది నూనెను గీకి కిందికి పంపలేక పైన మంటలోకి వదిలేస్తాయి. దించిన ఆయిల్‌ని పాత తెల్ల పంచె గుడ్డలో వడగట్టి ఎండలో పెట్టి చూశాను. నల్లటి రవ్వ ఉంది, కానీ ఎక్కడా బంగారు, రాగి మెరుపు లేదు. మెరుపు ఉంటే బేరింగు తినేసిందని లెక్క. లేనందుకు ఆ రోజు మా షాపులో టీ నేనే పోయించాను.

ఫిల్టర్‌ని హ్యాక్సా బ్లేడుతో కోయకండి, కోసిన రజను లోపల పడి, అరుగుదలేమో అని లేనిపోని టెన్షన్ పెడుతుంది. అంచు మడతని గ్రైండర్‌తో బయటినుంచి అరగదీసి మూత ఊడదీస్తాను. లోపల కాగితం మడతలు ఒకదానికొకటి అతుక్కుని, మధ్యలో నల్ల జెల్లీ. ఇలా పూడిపోయాక ఆయిల్ ఫిల్టర్‌లోంచి పోదు. లోపల బైపాస్ వాల్వ్ తెరుచుకుని వడకట్టని ఆయిలే ఇంజన్‌కి వెళ్తుంది. అసలు ఆయిల్ లేకపోవడం కంటే మురికి ఆయిల్ నయమని ఆ ఏర్పాటు. ఎన్ని నెలలుగా ఆ తలుపు తెరిచి ఉందో.

తర్వాత ఆయిల్ చాంబర్ దించాను. స్ట్రైనర్ జాలీలో ముప్పాతిక వంతు మూసుకుపోయి ఉంది. అట్లకాడతో గీకితే పెనం మీది మాడులా ఊడొచ్చింది. హెడ్ కవర్ కింద క్యామ్‌షాఫ్ట్ మీద గోధుమ రంగు వార్నిష్, మూలల్లో వేలు దిగేంత బురద. పీసీవీ వాల్వ్ చెవి దగ్గర పెట్టి ఊపితే లోపలి బిళ్ల టిక్కు టిక్కుమనాలి, మూగబోయింది. ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే దారి కూడా మూసుకుందన్నమాట.

మా డే అండ్ నైట్ జంక్షన్ స్టాండులో ఒక డ్రైవర్ ఉన్నాడు. డీజిల్ సెడాన్, 2.14 లక్షల కిలోమీటర్లు. విశాఖ ఎయిర్‌పోర్టుకి, ఆసుపత్రులకి కిరాయిలు. సరిగ్గా 10,000కి ఒకసారి వస్తాడు, అంటే దాదాపు రెండు నెలలకోసారి. అతను కూడా ఆ రోజే ఆయిల్ మార్చడానికి వచ్చాడు. హెడ్ కవర్ లీక్ ఉందని అతనిదీ విప్పాల్సి వచ్చింది. లోపల అల్యూమినియం రంగు అల్యూమినియంలాగే ఉంది. మాస్టారి ఇంజన్ పక్కనే బల్ల మీద రెండు కవర్లు తిరగేసి పెట్టాం. అతను అటు చూసి, ఇటు చూసి, "ఏటన్నా, ఆ బండి ఎన్ని లక్షలు తిరిగింది?" అన్నాడు. ముప్పై ఒక్క వేలు అంటే నమ్మలేదు, వెళ్లి మీటర్ చూసుకొచ్చాడు.

రెండు ఆయిళ్లూ నల్లగానే ఉన్నాయి. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసిన నాలుగైదు వందల కిలోమీటర్లకే మసితో నల్లబడుతుంది, అది దాని పని. మసిని గడ్డకట్టనీయకుండా తనలో తేలేలా పట్టుకోవడానికే అందులో మందులు కలుపుతారు. కాబట్టి "ఆయిల్ నల్లబడింది, మార్చేయండి" అనే మెకానిక్‌నీ, "ఇంకా బంగారంలా ఉంది, అక్కర్లేదు" అనే ఓనర్‌నీ నేను సమానంగా నమ్మను. రంగు కాదు, పట్టు చూడాలి. దానికి నాకు తెలిసిన చవక పరీక్ష ఒకటే. మందపాటి ఫిల్టర్ పేపర్ మీద ఒక్కో చుక్క వేసి కదపకుండా కొన్ని గంటలు వదిలేయడం.

ఫిల్టర్ పేపర్లు మాస్టారే తెచ్చారు, పాత ల్యాబు పెట్టెలోంచి. రెండు చుక్కలూ పక్కపక్కన వేశాం. సాయంత్రానికి టాక్సీ ఆయిల్ చుక్క రూపాయి బిళ్ల కంటే వెడల్పుగా, నడిమి నుంచి అంచు దాకా ఒకే బూడిద రంగులో పాకింది. మాస్టారి ఆయిల్ చుక్క మధ్యలో కాటుక బొట్టులా గడ్డకట్టి కూర్చుంది. చుట్టూ పసుపు పచ్చటి జిడ్డు వలయం, నల్లదనం మాత్రం బొట్టు దాటి బయటికి రాలేదు. మసిని మోసుకెళ్లే శక్తి ఆ ఆయిల్‌లో చచ్చిపోయిందని దాని అర్థం.

మాస్టారు కాగితం వెలుతురుకి ఎత్తిపట్టి, "ఒరే, ఇది క్రొమటోగ్రఫీ కదరా! తొమ్మిదో తరగతిలో స్కెచ్ పెన్ ఇంకుతో చేయించాను, నువ్వు ఆ రోజు బడి ఎగ్గొట్టావు" అన్నారు. షాపులో అందరి ముందూ. తప్పు నాదైన రోజు కాబట్టి పడ్డాను.

నీళ్ల సంగతి కూడా ఆయనే బిల్లు వెనకాల తేల్చారు. పెట్రోల్‌ని ఆక్టేన్ అనుకుని సమీకరణం రాశారు. 114 గ్రాములు కాలితే 162 గ్రాముల నీరు. అంటే సుమారుగా లీటరు పెట్రోలుకి లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. పొద్దున్నే సైలెన్సర్ కొన కారేది అదే. ఆ ఆవిరిలో ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా పోతుంది, కొంచెం పిస్టన్ రింగుల పక్కనుంచి చాంబర్‌లోకి దిగుతుంది. ఇంజన్ బాగా కాగితే ఆ చెమ్మ మళ్లీ ఆవిరై పీసీవీ దారిన బయటపడుతుంది. కాగకపోతే అక్కడే చల్లబడి ఆయిల్‌లో కలుస్తుంది. కాలీకాలని పెట్రోలు కూడా దానికి తోడు. రెండూ కలిసి పులిసి, ఆయిల్‌లో ఉన్న క్షారగుణాన్ని తినేస్తాయి.

మరి మాస్టారి బండి ఎప్పుడు కాగింది? రోజూ పొద్దున అరసవల్లి, ఇంటినుంచి మూడు కిలోమీటర్ల లోపు. దర్శనం చేసుకుని వచ్చేసరికి ఇంజన్ చల్లబడుతుంది, మళ్లీ అంతే దూరం వెనక్కి. రైతుబజారు. సాయంత్రం మనవడి బడి. టెంపరేచర్ ముల్లు ఐదు నిమిషాల్లో మధ్యకు రావచ్చు, కానీ అది నీళ్ల వేడి. ఆయిల్ వేడెక్కడానికి దానికి రెట్టింపు, అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది. 31 నెలల్లో ఆ ఇంజన్‌లో ఆయిల్ నిండా కాగిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంకొకటి కూపీ లాగితే బయటపడింది. బడి గేటు ముందు మనవడి కోసం రోజూ ఇరవై నిమిషాలు ఏసీ వేసుకుని కూర్చుంటారు. మీటర్ కదలదు, ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది. లెక్క ఆయనే వేశారు. ఏడాదికి 220 బడి రోజులు, రోజుకి 20 నిమిషాలు, రెండున్నరేళ్లకి 183 గంటలు. ఊళ్లో సగటు వేగం గంటకి 18 కిలోమీటర్లనుకుంటే 7,400 కిలోమీటర్లకి 411 గంటలు. మొత్తం దగ్గర దగ్గర 600. టాక్సీ సగటు 55 అనుకుంటే 10,000 కిలోమీటర్లకి 182 గంటలే. తక్కువ తిరిగిన బండి ఆయిల్ మూడు రెట్లు ఎక్కువ డ్యూటీ చేసింది, అదీ చెమ్మలో. ఆమదాలవలస వైపు ట్రాక్టర్ ఉన్న రైతుని అడగండి, ఆయిల్ ఎప్పుడు మారుస్తావంటే కిలోమీటర్లు చెప్పడు, గంటలు చెబుతాడు. చాలా ట్రాక్టర్లకు 250 గంటలకని పుస్తకంలోనే ఉంటుంది, మీటర్ కూడా గంటలదే. కారుకి ఆ మీటర్ లేకపోవడమే మన దురదృష్టం.

వైద్యానికి వస్తే, ఫ్లషింగ్ డబ్బా పోసి పది నిమిషాలు తిప్పి దించేద్దామని మా కుర్రాడు అన్నాడు. మామూలు బండికైతే ఏమోగానీ, ఇంత బురద ఉన్న ఇంజన్‌కి నేను పోయను. ఆ మందు గోడలకున్న పెళ్లలన్నీ ఒక్కసారి ఊడగొడితే అవి వెళ్లి చేరేది ఇప్పుడే శుభ్రం చేసిన స్ట్రైనర్‌కే. చేత్తో అందేదంతా చేత్తో తీశాం. చాంబర్, స్ట్రైనర్, హెడ్ కవర్ డీజిల్‌తో కడిగి ఆరబెట్టాం. పీసీవీ వాల్వ్, గాస్కెట్లు, డ్రెయిన్ బోల్ట్ వాషర్ కొత్తవి. పుస్తకంలో ఉన్న 5డబ్ల్యూ-30, ఏపీఐ ఎస్‌ఎన్ గ్రేడ్ ఆయిలే పోశాం, ఖరీదైనది కాదు, ఎందుకంటే ఆ ఆయిల్ బతికేది కొద్దిరోజులే. మిగిలిన మురికిని కడగడం కొత్త ఆయిల్ పని. నెమ్మదిగా కడుగుతుంది, కానీ పెళ్లలు ఊడగొట్టదు.

స్టార్ట్ చేశాక వేడి ఐడిల్ 0.8. 3,000 దగ్గర 3.1, ముల్లు వణకలేదు.

450 కిలోమీటర్లకి రమ్మన్నాను. వారానికోసారి బండిని ఆపకుండా కనీసం అరగంట రోడ్డు మీద నడపమని కూడా చెప్పాను. మాస్టారు ఆదివారం ఆదివారం కళింగపట్నం బీచికి బయల్దేరారు, రానూపోనూ అరవై కిలోమీటర్లు. ఒకసారి పలాస చుట్టాలింటికి. మూడు వారాల్లో వచ్చేశారు. దించిన ఆయిల్ తారులా ఉంది, ఫిల్టర్ కోస్తే మళ్లీ జెల్లీ, ఈసారి సగమే. రెండోసారి పోసింది 900 కిలోమీటర్లు నడిపించి ఏప్రిల్ నడిమిలో మార్చాం. ఆ ఫిల్టర్ మడతలు విడివిడిగా ఉన్నాయి. చుక్క కాగితం మీద బొట్టు చుట్టూ బూడిద రంగు పాకింది.

బిల్లు మూడు విడతలూ కలిపి 6,850. సామాను ఖర్చు మాత్రమే, లేబర్ తీసుకోలేదు, తీసుకునే మొహం కూడా లేదు. మాస్టారు దానిమీదా లెక్కేశారు. "ఆర్నెల్లకోసారి మారిస్తే ఈపాటికి అయిదుసార్లు, సారికి రెండువేలు, పదివేలు. నీకు 6,850 ఇచ్చాను. నిర్లక్ష్యం చేసినందుకు లాభమే వచ్చిందిరా!" ఆ లెక్క తప్పని అనలేను. ఇంకో రెండు నెలలు ఆ దీపంతో తిరిగి ఉంటే క్రాంక్, బేరింగులు, హెడ్ కలిపి అరలక్ష పైన అయ్యేదని మాత్రం చెప్పాను. దాన్ని ఆయన సున్నా సంభావ్యత కాదు కాబట్టి ఒప్పుకుంటున్నానన్నారు.

పూర్తిగా నయమైందని రాయను. పొద్దున స్టార్టింగ్‌లో రెండు మూడు సెకన్లు టక టక ఇంకా ఉంది. ఇంజన్ లోపలి చెయిన్‌ని బిగువుగా పట్టే టెన్షనర్ ఆయిల్ ప్రెజర్ మీద నడిచేది, అది కొంత దెబ్బతిని ఉండొచ్చు. ఆయిల్ తాగడం తగ్గింది, ఆగలేదు. బురద కడగొచ్చు, అరిగింది తిరిగి రాదు.

ఈ కేసు తర్వాత మా షాపులో ఎవరు "ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి" అని అడిగినా ముందు బండి ఎక్కడ తిరుగుతుందని అడుగుతున్నాను. హైవే మీద రోజూ నడిచేదైతే పుస్తకంలో ఉన్న 10,000 నాకు అభ్యంతరం లేదు, ఏడాది దాటనీయకండి, అంతే. ఊళ్లో నాలుగైదు కిలోమీటర్ల తిరుగుళ్లకైతే 5,000 లేదా ఆర్నెల్లు. ఇది నా సొంత సిద్ధాంతం కాదు. మాస్టారు గ్లవ్ బాక్స్‌లో ప్లాస్టిక్ కవరు కూడా చింపని పుస్తకం తీసి చదివితే, వెనక పేజీల్లో కఠిన పరిస్థితులని వేరే పట్టిక ఉంది. పదే పదే చిన్న ప్రయాణాలు, దుమ్ము రోడ్లు, ఎక్కువసేపు ఐడిల్. అలాంటి వాటికి గడువు సగం. ఎర్ర ఇంకుతో గీత గీసి, "నాకు మూడుకి మూడూ వర్తిస్తాయి" అని చూపించారు. మన ఊళ్లో చాలా బండ్లకి వర్తిస్తాయి.

టెక్కలి క్వారీ దగ్గర తిరిగే ఒక పికప్ ఉంది మా దగ్గర. దానికి 5,000 అని కచ్చితంగా చెబుతాను, ఎయిర్ ఫిల్టర్ అంతకన్నా ముందే చూస్తాను. గ్రానైట్ పొడి ఇంజన్‌లోకి పోతే ఆయిల్ నూనెగా కాక గరుకు కాగితంగా పనిచేస్తుంది.

పలాసలో ఒకాయనది ఇంకో రకం. కొత్త బీఎస్6 డీజిల్ ఎస్‌యూవీ. "నా బండి ఆయిల్ తాగదు బాబూ, పైగా పెరుగుతోంది" అని సంతోషంగా చెప్పారు. డిప్‌స్టిక్ చూస్తే నిజంగానే మ్యాక్సిమమ్ గీత దాటి ఉంది, వాసన చూస్తే డీజిల్. ఈ బండ్లలో సైలెన్సర్ దారిలో మసి పట్టే డీపీఎఫ్ ఉంటుంది. అది నిండితే దాన్ని కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్మి పొగని దాదాపు 600 డిగ్రీలకు తెస్తుంది. ఆ పని పూర్తి కావాలంటే బండి కొంతసేపు రోడ్డు మీద ఆగకుండా పరిగెత్తాలి. జీడిపప్పు ఫ్యాక్టరీకీ ఇంటికీ మధ్యే తిరిగే బండి ప్రతిసారీ మధ్యలో ఆపేస్తే, చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడ మీదుగా చాంబర్‌లోకి జారుతుంది. ఆయిల్ పెరిగిందంటే పలచబడిందని. అప్పుడు కిలోమీటర్లతో పనిలేదు, వెంటనే మార్చాలి. ఈ బండ్లకి పుస్తకంలో చెప్పిన తక్కువ బూడిద రకం ఆయిలే పోయాలి, లేదంటే డీపీఎఫ్ త్వరగా పూడుతుంది.

ఇక 3,000కే మార్చేసే భక్తులు కూడా ఉన్నారు. వాళ్ల నాన్నగారి అంబాసిడర్ రోజుల్లో పాత మినరల్ ఆయిల్‌కి అది సరే. ఇప్పటి ఆయిల్‌తో హైవే బండికి 3,000కి మారిస్తే సగం ప్రాణం ఉన్నదాన్ని పారబోయడమే. నాకు గిరాకీ, సెంట్రింగ్ మేస్త్రీలకు సంతోషం. రేకులకి పూయడానికి మా దగ్గర కాలిన ఆయిల్ డబ్బాల్లో పట్టుకెళ్తారు, పంచెలకి అంటిందని మళ్లీ మమ్మల్నే తిడతారు.

మా స్టిక్కర్లు మార్చాం. తేదీ గడి ఖాళీగా ఉంటే బండి తాళం ఇవ్వకూడదని కుర్రాడికి చెప్పాను. వాడు ఫోన్‌లో కూడా రాసుకుంటున్నాడు, ఆర్నెల్లకి ఫోన్ చేసి పిలుస్తున్నాడు.

అక్టోబరు నడిమిలో మాస్టారు మళ్లీ వచ్చారు. వాడు ఫోన్ చేయకముందే. చేతిలో నూరు పేజీల నోట్‌బుక్, స్కేలుతో గీసిన గడులు. తేదీ, కిలోమీటర్లు, స్టార్ట్ చేసిన టైము, ఆపిన టైము. బడి గేటు దగ్గర ఇప్పుడు చెట్టు కింద నిలబడుతున్నారట. ఆఖరి పేజీలో కూడికలు: 2,900 కిలోమీటర్లు, 115 గంటలు, అయిదు నెలల 28 రోజులు. గేజ్ పెట్టి చూశాను, వేడి ఐడిల్ 1.0.

డోర్ తెరిచి స్టిక్కర్ మీద వేలు పెట్టి చూపించారు. "నువ్వు రాసిన 5,000కి ఇంకా 2,100 ఉన్నాయి. తేదీ ముందొచ్చిందిరా" అని, నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి, పైన గీత గీశారు.